నలభై కిలోలు తూచడానికి ఏ రాళ్లు మేలు? రెండ్లవా, మూళ్లవా, నాలుగులవా?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగులో లెక్కపెట్టి, బడిలో ఒడియా అంకెల్లో రాస్తారు. అంకె రూపం మారినా సంఖ్య మారదని వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కానీ పదుల స్థానాలనే తీసేస్తే సంఖ్య ఎలా కనబడుతుందన్నది వాళ్లకు కొత్త. సాయంత్రం పాఠాల్లో అది చెప్పడానికి నేను తక్కెడ పట్టుకుంటాను. షరతు ఒక్కటే: 1 నుంచి 40 దాకా ఏ కిలో అడిగినా తూచగలగాలి.

రెండ్ల లెక్కలో 1, 2, 4, 8, 16, 32, మొత్తం ఆరు రాళ్లు. ప్రతి రాయీ పళ్లెంలో ఉంటుంది, లేదా ఉండదు. 40 అంటే 32, 8. పెద్ద రాయి నుంచి మొదలుపెట్టి, ఉన్న రాయికి 1, లేనిదానికి 0 రాస్తే 101000. చివర మూడు సున్నాలు చూడగానే ఇది 8తో భాగం పోతుందని తెలిసిపోతుంది. తప్పు పోవడం కష్టం.

మూళ్ల లెక్కకు నాలుగు రాళ్లు చాలు: 1, 3, 9, 27. రాయిని సరుకు పక్కన కూడా పెట్టవచ్చు, అదే దీని బలం. 14 కిలోలు కావాలా? ఒక పళ్లెంలో 27, సరుకు ఉన్న పళ్లెంలో 9, 3, 1. ఒక్కో రాయికి మూడు స్థితులు: అటు పళ్లెంలో, ఇటు పళ్లెంలో, లేదా తక్కెడ బయట. నాలుగు రాళ్లకు 81 అమరికలు. అందులో ఒకటి సున్నా, 40 కూడికవైపు, 40 తీసివేతవైపు. ఒక్కటీ వృథా కాదు, ఏ బరువుకూ రెండో అమరిక ఉండదు. నాకు ఇంత అందమైన లెక్క ఇంకోటి కనబడలేదు. 1958లో మాస్కో విశ్వవిద్యాలయంలో తయారైన సెతున్ కంప్యూటర్ ఈ పద్ధతిలోనే నడిచింది. అయినా సంతలో దీన్ని వాడమని చెప్పను. సరుకు పక్కన రాయి కనబడితే కొనేవాళ్లకు అనుమానం వస్తుంది, అది న్యాయమే.

దుకాణంలో ఉండే 1, 2, 5 రాళ్లు పదుల లెక్కవి. నాలుగు కిలోలు ఒకవైపే తూచాలంటే ఇంకో 1 రాయో, ఇంకో 2 రాయో కావాలి.

నాలుగుల లెక్కలో 40 అంటే 16లు రెండు, 4లు రెండు, 1లు లేవు; 220 అని రాస్తాం. 2, 2, 0 కలిపితే 4 కాబట్టి మూడుతో భాగిస్తే 1 మిగులుతుంది. అంకెల్లో ఒకదాన్ని కూడి, తర్వాతిదాన్ని తీసేస్తూ పోతే (2 − 2 + 0) సున్నా, అంటే 5తో భాగం పోతుంది. రాళ్ల విషయంలో మాత్రం ఇది ఓడిపోతుంది: 1, 4 మూడేసి, 16 రెండు, మొత్తం ఎనిమిది. కానీ ఇది మనకు పరాయిది కాదు. కాలు అంటే నాలుగో వంతు. కాలులో కాలు వీసం, అంటే పదహారో వంతు. పాత తెలుగు లెక్కల్లో కాలు వరసకు నిలువు గీతలు, వీసం వరసకు అడ్డ గీతలు ఉండేవి. అవి 2008లో, కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లోకి వచ్చాయి. ఒడియాలోనూ కాలుకు, వీసానికి వేరే గుర్తులున్నాయి. 1957 దాకా రూపాయికి పదహారణాలు.

అందుకే నా మాట ఇది: తూచడానికి రెండ్ల రాళ్లు, రాయడానికి నాలుగుల లెక్క. 101000ని రెండేసి అంకెలుగా విడగొడితే 10, 10, 00; రెండ్ల లెక్కలో 10 అంటే రెండు, 00 అంటే సున్నా. అదే 220. మధ్యలో వేరే లెక్క చెయ్యనక్కర్లేదు.

మొన్న ఒకమ్మాయి 25ని ఇలాగే మార్చి 121 అని తెచ్చింది. "మాస్టారూ, ఇది పదకొండు వర్గం కదా?" అంది. నాలుగుల లెక్కలో 11 అంటే అయిదు. అయిదైదులు ఇరవై అయిదు. తీసివేత లేకుండా 0, 1, 2 అంకెలతో రాసే మామూలు మూళ్ల లెక్కలో అదే 121 పదహారు, అంటే నాలుగు నాలుగులు. పదులు, నాలుగులు, మూళ్లు, ఈ మూడు లెక్కల్లోనూ 121 వర్గమే.