పండ్ల రసంలో కల్తీని పట్టిస్తుందని చెప్పే చేతి స్పెక్ట్రోమీటర్ విషయంలో జాగ్రత్త

కాంతి పడగానే పండ్ల రసం అసలుదో కల్తీదో చెప్పేస్తుందంటూ అందరికీ ప్రకటనల్లో కనబడుతున్న ఆ జేబు స్పెక్ట్రోమీటర్‌ను నేనూ కొన్నాను. డబ్బు వాపసు ఇవ్వబోమని నిన్న తేల్చి చెప్పారు. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

నా చేతులతో నారింజలు పిండి, ఒక్క చుక్క నీరైనా కలపకుండా పరీక్షిస్తే ‘కల్తీ’ అని వచ్చింది. పండ్లు పుల్లనివి, కరిగిన చక్కెరను కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో ఆ రసం 9 బ్రిక్స్ (అంటే నూటికి సుమారు 9 పాళ్ల చక్కెర) మాత్రమే చూపింది. అనుమానం వచ్చి, పంచదారను నీళ్లలో కరిగించి, కొంచెం సిట్రిక్ ఆమ్లం వేసి, 11.5 బ్రిక్స్‌కు తెచ్చి పరీక్షిస్తే ‘స్వచ్ఛమైన నారింజ రసం’ అని వచ్చింది. కరిగిన చక్కెర ఎంత ఉందో అంచనా కట్టి, దానికే స్వచ్ఛత అని పేరు పెట్టినట్లున్నారు.

అమ్మినతనికి ఫోన్ చేసి, ఏయే రకాల పండ్లతో, ఎన్ని నమూనాలతో క్యాలిబ్రేషన్ (తెలిసిన నమూనాలతో పరికరాన్ని సరిచూడడం) చేశారని అడిగాను. ‘కాంతి అబద్ధం చెప్పదండీ, మీ పండ్లలోనే ఏదో తేడా ఉంది’ అన్నాడు. మరి పంచదార నీళ్ల సంగతేమిటంటే, ‘పంచదార నీళ్లు పరీక్షించమని మేము చెప్పామా?’ అని ఫోన్ పెట్టేశాడు. పంచదార నీళ్లను పట్టుకోవడానికే కదా నేను దాన్ని కొన్నది! ఆ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

తప్పు నాలోనూ ఉంది. అది వాడే కాంతి తరంగదైర్ఘ్యం 700 నుంచి 1000 నానోమీటర్లని పెట్టె మీద అచ్చయి ఉన్నా నేను ఆలోచించలేదు. రసంలో అధిక భాగం నీరే కనుక, ఆ పరిధిలో 970 దగ్గరి నీటి శోషణే ప్రబలంగా కనబడుతుంది, చక్కెరల జాడ బలహీనంగా ఉంటుంది. ప్రయోగశాలల్లో అంతకంటే పొడవైన తరంగాలుండే మధ్య పరారుణ కాంతితో సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లను విడివిడిగా అంచనా వేస్తారు. నారింజలో అవి సుమారు 2:1:1 పాళ్లలో ఉంటాయి కనుక సుక్రోజ్ మాత్రమే ఉండే ఉత్త పంచదార నీరు అక్కడ దొరికిపోతుంది. అదీ అనేక రకాల, అనేక కాలాల అసలు రసాల వర్ణపటాలతో (ఏ కాంతిని ఎంత పీల్చుకుంటాయో చూపే పటాలతో) పోల్చి చూశాకే. చెరకు చక్కెర కలిసిందని రూఢి చేసుకోవాలంటే కార్బన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువుల) పరీక్ష కూడా చేయవలసి వస్తుంది.

కొనదలచినవారు క్యాలిబ్రేషన్ వివరాలను ముందే రాతపూర్వకంగా తీసుకోండి. వాపసు గడువు ముగియకముందే మీరు పిండిన రసంతోనూ, పంచదార నీటితోనూ పరీక్షించి చూడండి. నేను ఆ పని గడువు దాటిన తరువాత చేశాను.