కాంటన్ అనాలా, గ్వాంగ్‌జౌ అనాలా?

"అన్నా, కాంటన్‌లో దిగాక గ్వాంగ్‌జౌకి రైల్లో ఎంతసేపు పడుతుంది?" అని మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. వాడికి ఫర్నిచర్ షాపుంది, సరుకు చూసుకోడానికి మొదటిసారి చైనా వెళ్తున్నాడు. అక్కడి పెద్ద వ్యాపార ప్రదర్శన ఆహ్వానంలో కాంటన్ ఫెయిర్ అని ఉంది, టికెట్ మీద గ్వాంగ్‌జౌ అని ఉంది, పక్కనే సి ఎ ఎన్ అని ఎయిర్‌పోర్టు కోడ్ ఉంది, దాంతో వాడికి టెన్షన్ పట్టుకుంది. రెండూ ఒకటే ఊరురా అన్నాను. మరి ఏది కరెక్టు అన్నాడు.

కాంటన్ అన్నది పోర్చుగీసు వాళ్ల నోట మారి ఇంగ్లీషులోకి వచ్చిన పేరు. దాని మూలం గ్వాంగ్‌డాంగ్. అది ఊరి పేరు కాదు, ఆ ప్రావిన్స్ పేరు. అంటే విజయవాడని పట్టుకుని ఆంధ్ర అని పిలిచినట్టు! పాత ఇంగ్లీషు పుస్తకాలు అనువాదం చేసేవాళ్లకి ఇది పెద్ద చిక్కు, ఎందుకంటే వాటిలో కాంటన్ అంటే ఒకచోట ఊరు, ఇంకోచోట మొత్తం ప్రావిన్స్.

అలాగని ఆ పేరుని తీసిపారేయలేం. 1757 నుంచి 1842 దాకా యూరప్ ఓడలకి చైనాలో వ్యాపారం చేసుకోడానికి తెరిచి ఉంచిన రేవు ఇదొక్కటే. టీ, పట్టు, పింగాణీ అన్నీ ఇక్కడి నుంచే పోయేవి, టీకి కట్టాల్సిన వెండి కోసం మన బీహార్‌లో పండించిన నల్లమందు ఇక్కడికి అమ్మకానికి చేరేది. 1839లో లిన్ జెషూ అనే చైనా అధికారి ఆ నల్లమందుని పట్టుకుని దగ్గర్లోని హుమెన్‌లో నాశనం చేయించాడు, తర్వాత బ్రిటన్‌తో యుద్ధం, ఆ తర్వాత 1842లో దాన్ని ముగించిన నాన్‌కింగ్ ఒప్పందం. ఇలా ఒక్క రేవులోనే సాగిన వ్యాపార పద్ధతినే చరిత్రకారులు కాంటన్ సిస్టం అంటారు. దాన్ని గ్వాంగ్‌జౌ సిస్టం అని మార్చి రాస్తే చదివేవాడు మరే పుస్తకంలోనూ దాన్ని వెతికి పట్టుకోలేడు.

ఇక గ్వాంగ్‌జౌ. ఊరికి చైనావాళ్లు వాడే పేరు ఇదే. 1958లో వాళ్లు పిన్‌యిన్ అనే రోమన్ లిపి పద్ధతిని తెచ్చారు, 1979 నుంచి విదేశీ భాషల్లో కూడా అధికారికంగా ఆ స్పెల్లింగులే వాడుతున్నారు. మ్యాపుల్లో, రైల్వే బోర్డుల్లో, అడ్రసుల్లో అదే కనిపిస్తుంది. కాబట్టి ఇవాళ్టి ఊరి గురించి రాసేటప్పుడు నా ఓటు దీనికే, ఇందులో నాకు సందేహం లేదు.

కానీ తెలుగులో ఎలా రాయాలి? పిన్‌యిన్ స్పెల్లింగులో జెడ్ హెచ్ చూసి చాలామంది గ్వాంగ్‌ఝౌ అని రాస్తున్నారు. అది తప్పు, పిన్‌యిన్‌లో ఆ హెచ్ ఒత్తు పలకడానికి కాదు. ఇంకో విషయం, పిన్‌యిన్ చూపించేది చైనా అధికార భాష మాండరిన్ ఉచ్చారణ, అందులో చివరి అక్షరం 'జో'కి దగ్గరగా వినిపిస్తుంది. ఆ ఊళ్లో తరతరాలుగా మాట్లాడే కాంటనీస్‌లో మాత్రం అది మన 'జౌ'కి దగ్గర. అంటే మనం గ్వాంగ్‌జౌ అని రాసినప్పుడు చివర్లో ఆ ఊరివాళ్ల పలుకే వస్తోంది, నాకు అది చాలా బాగుంది.

కాంటనీస్ అన్న పేరుని మాత్రం కదపకూడదు, హాంకాంగ్‌లో, మకావులో కూడా మాట్లాడే భాషని ఒక్క ఊరి పేరుతో కొత్తగా పిలవడం కుదరదు. కాంటన్ ఫెయిర్ 1957లో మొదలై ఏడాదికి రెండుసార్లు జరుగుతోంది, ఇంగ్లీషులో వాళ్లే ఆ పేరు ఉంచుకున్నారు. 2010లో తెరిచిన టవర్‌కి కూడా కాంటన్ టవర్ అనే పెట్టుకున్నారు. ఊరు బీజింగ్ అయినా అక్కడి యూనివర్సిటీ ఇంగ్లీషులో పాత పేరు పీకింగ్‌గానే ఉంది. మన విజయవాడ స్టేషన్ కోడ్ ఇప్పటికీ బి జెడ్ ఎ, అంటే బెజవాడే కదా.

మా వాడికి చెప్పింది ఇంతే: ఫారాల్లో గ్వాంగ్‌జౌ అని రాయి, ఫెయిర్‌ని కాంటన్ ఫెయిర్ అనే అను, హోటల్ అడ్రసు మాత్రం చైనీస్ అక్షరాల్లో ఫోన్‌లో పెట్టుకో, టాక్సీ అతను మన నోట ఈ రెండు పేర్లలో ఏది విన్నా అర్థం చేసుకుంటాడన్న గ్యారంటీ లేదు.