కార్డులు కూడాలా, రౌండ్లు లెక్కపెట్టాలా: బాక్సింగ్ తీర్పుల్లో ఏది మేలు?

పెద్ద ఫైట్ ఏదైనా గొడవగా ముగిసిందంటే చాలు, సాయంత్రానికల్లా నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "అన్నా, ఈ జడ్జిల వ్యవహారం బాగుపడాలంటే ఏం చెయ్యాలి? కంప్యూటర్ పెట్టాలా, స్కోరు మధ్యలోనే చెప్పెయ్యాలా, జడ్జిల్ని పెంచాలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే ఒకసారి రాసేస్తే మంచిదనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది. చెన్నై పెరంబూరులో మా మిద్దె మీద గదిలో మేం ఐదుగురం కలిసి ఫైట్లు చూస్తాం. లాస్ వేగస్‌లో శనివారం రాత్రి అంటే మనకి ఆదివారం పొద్దున, ఇడ్లీ పొట్లాలు తెచ్చుకుని కూర్చుంటాం, ఒక్కొక్కరి చేతిలో ఒక నోట్‌బుక్, ఒకరి స్కోరు ఇంకొకరు చూడకూడదు. ఇన్నాళ్లూ చివర్లో ఎవరి కార్డు (రౌండ్ల వారీగా రాసుకున్న స్కోరు) వాళ్లు కూడి, ఎవరి వైపు ఎన్ని కార్డులున్నాయో చూసేవాళ్లం. ఈమధ్య పద్ధతి మార్చాం. ఫైట్ అయ్యాక ఐదు నోట్‌బుక్కులూ పక్కపక్కన పెట్టి, ఒక్కో రౌండ్ ఎక్కువమంది ఎవరికిచ్చారో చూసి, ఆ రౌండ్ వాళ్లకే ఇచ్చేసి, చివర్లో రౌండ్లు లెక్కపెడుతున్నాం. పాత ఫైట్లు కూడా తీసి ఇలాగే చూస్తున్నాం. నా ఓటు ఎటు ఉందో మీకు అర్థమయ్యే ఉంటుంది, అయినా రెండు వైపులా చెప్తాను.

పెద్ద ఫైట్ అంటే పన్నెండు రౌండ్లు, ముగ్గురు జడ్జిలు, పది పాయింట్ల పద్ధతి: రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9, సమానమైతే చెరో 10. ఇక నేరుగా విషయానికి వస్తాను.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో ఒక్కో జడ్జి కార్డు ఒక్కో ఓటు, ముగ్గురిలో ఇద్దరు ఒకరి వైపుంటేనే గెలుపు. 1999 మార్చిలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లూయిస్, హోలీఫీల్డ్ ఫైట్ గుర్తు చేసుకోండి. హెవీవెయిట్‌లో మూడు బెల్టులూ (ఛాంపియన్ టైటిళ్లు) ఒకరికే రావలసిన రాత్రి. పంచ్‌లు లెక్కపెట్టినవాళ్ల ప్రకారం లూయిస్‌వి 348 తగిలాయి, హోలీఫీల్డ్‌వి 130. కార్డులు చూస్తే క్రిస్టోడూలూ 116-113 లూయిస్‌కి, యుజీనియా విలియమ్స్ 115-113 హోలీఫీల్డ్‌కి, లారీ ఓకానెల్ 115-115. డ్రా. అందరూ విలియమ్స్ మీద విరుచుకుపడ్డారు, ముఖ్యంగా అయిదో రౌండ్ గురించి, ఎందుకంటే ఆ రౌండ్‌లో లూయిస్ హోలీఫీల్డ్‌ని తాళ్ల దగ్గర పెట్టి కొడుతూనే ఉన్నాడు, ఆవిడ మాత్రం హోలీఫీల్డ్‌కి ఇచ్చింది. కానీ కాగితం మీద ఒకసారి లెక్క వేసి చూడండి. ఆ ఒక్క రౌండ్ లూయిస్‌కి మార్చినా ఆవిడ కార్డు 114-114 అవుతుంది, ఫైట్ అప్పుడూ డ్రానే. ఇది తెలిసినప్పుడు మా గదిలో ఎవరికీ నోట మాట రాలేదు. ఇన్నేళ్లుగా మేం తిట్టుకుంటున్నది ఆ అయిదో రౌండ్‌ని, కానీ లూయిస్‌కి అడ్డుపడిన వాటిలో ఓకానెల్ సమానమని ఇచ్చిన రెండు రౌండ్లు కూడా ఉన్నాయి. పన్నెండు రౌండ్లకి మామూలుగా రెండు వైపులా కలిపి 228 రావాలి, ఆయన కార్డులో 230 ఉంది, తేడా అక్కడే ఉంది. ఆ నవంబరులోనే మళ్లీ ఆడి లూయిస్ ఏకగ్రీవంగా గెలిచాడు, అది వేరే మాట.

ఇంకో ఫైట్. 2017 సెప్టెంబరు, కనెలో, గొలోవ్కిన్. అడలైడ్ బర్డ్ 118-110 కనెలోకి ఇచ్చింది, అంటే పన్నెండులో పది రౌండ్లు. మొరెటి 115-113 గొలోవ్కిన్‌కి, ట్రెల్లా 114-114. మళ్లీ డ్రా. ప్రపంచమంతా ఆ 118 మీద కోపం చూపించింది. నిజానికి కార్డులు ఓట్లయినప్పుడు 118-110కి, 115-113కి తేడా లేదు, రెండూ ఒక్కో ఓటే. 2012లో, చూసినవాళ్లలో చాలామంది పాకియావ్ గెలిచాడనుకున్న ఫైట్‌లో, అతన్ని బ్రాడ్లీ ఓడించాడని చెప్పిన జడ్జిలు డువేన్ ఫోర్డ్, సీ.జే. రాస్ ఇద్దరూ 115-113 అనే రాశారు, చూడ్డానికి మర్యాదగా ఉన్న అంకెలు, కానీ జరిగిన నష్టం బర్డ్ కార్డు కంటే పెద్దది. ఆ రాస్ గారే మరుసటి ఏడాది మేవెదర్ కనెలోని ఓడించిన ఫైట్‌ని 114-114 అన్నారు, ఆ తర్వాత పక్కకి తప్పుకున్నారు.

కాబట్టి నా దృష్టిలో ఏ పద్ధతినైనా ఒక్క ప్రశ్నతో కొలవాలి: ఒక జడ్జి తప్పు చూస్తే ఆ తప్పు ఎంత దూరం పాకుతుంది? తప్పు చూడని జడ్జి ఉండరు. రిఫరీ వీపు అడ్డొస్తుంది, తాళ్లు అడ్డొస్తాయి, బాక్సర్ వీపు మీ వైపుంటే కడుపు మీద పడిన పంచ్ మీకు కనబడదు, ఎదురు వైపు కూర్చున్నవాళ్లకి కనబడుతుంది. ముగ్గుర్ని మూడు వైపులా కూర్చోబెట్టేది అందుకే కదా. మరి అలా మూడు వైపుల నుంచి చూసినదాన్ని రౌండ్ రౌండ్‌కీ కలపకుండా, ఎవరి పన్నెండు రౌండ్లు వాళ్ల దగ్గరే మూటకట్టి చివర్లో మూడు మూటలు పోల్చడంలో అర్థమేముంది?

రౌండ్ రౌండ్‌కీ తేల్చే పద్ధతిలో బర్డ్ లాంటి కార్డు ఉన్నా, మిగతా ఇద్దరూ ఒకే మాట చెప్పిన ప్రతి రౌండ్‌లోనూ దానికి బలం ఉండదు. ఆ ఇద్దరూ విడిపోయిన రౌండ్లలో మాత్రమే ఆవిడ మాట చెల్లుతుంది. మొత్తం ఫైట్‌లో మూడో వంతు ఆవిడ చేతిలో ఉండడానికీ, రెండు మూడు దగ్గరి రౌండ్లు ఉండడానికీ చాలా తేడా.

దీనికి ఎదురు వాదన కూడా మన దేశపు ఫైట్‌లోనే దొరుకుతుంది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మేరీ కోమ్, కొలంబియా అమ్మాయి ఇంగ్రిట్ వాలెన్సియా. ఐదుగురు జడ్జిలు. మొదటి రౌండ్ 4-1తో వాలెన్సియాది, రెండోది 3-2తో మేరీది, మూడోది 3-2తో మేరీది. మూడింట రెండు రౌండ్లు గెలిచి మేరీ ఓడిపోయింది, ఎందుకంటే కార్డులు విడివిడిగా కూడితే 3-2 వాలెన్సియా వైపు వచ్చింది. నేను చెప్పే పద్ధతిలో అయితే మేరీ గెలిచేది. ఆ రోజు మా ఇంట్లో మా అమ్మతో సహా అందరం గెలిచిందనే అనుకున్నాం. కానీ వాలెన్సియా వైపు నుంచి చూడండి. మూడు రౌండ్లలో ఐదుగురు జడ్జిలు వేసిన పదిహేను ఓట్లలో ఎనిమిది ఆమెకి, ఏడు మేరీకి. మొదటి రౌండ్ ఆమె గట్టిగా గెలిచింది, తర్వాతి రెండూ వెంట్రుకవాసిలో పోగొట్టుకుంది. గట్టిగా గెలిచిన రౌండ్‌కీ, అటూ ఇటూగా గెలిచిన రౌండ్‌కీ ఒకే విలువ ఇవ్వడం న్యాయమా అని మా గ్రూపులో నెల్లూరు నుంచి వచ్చిన బావ గట్టిగానే అడుగుతాడు. మంచి ప్రశ్న. నా జవాబు ఏంటంటే బాక్సింగ్ ఎప్పుడూ రౌండ్ల ఆటే. బావ ఒప్పుకోలేదు, ఇప్పటికీ పాత పద్ధతిలోనే కూడుకుంటాడు.

ఇక స్కోరు మధ్యలో చెప్పేయడం. వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ ఫైట్లలో నాలుగో రౌండ్, ఎనిమిదో రౌండ్ తర్వాత కార్డులు చదవడం కొన్నిచోట్ల చూశాం. దీన్ని వద్దనేవాళ్లు చెప్పేది, ముందున్నవాడు పరుగెత్తుతాడు, చూసేవాళ్లకి మజా పోతుంది అని. కానీ 1999లో డి లా హోయా స్కోరు తెలియకుండానే ముందున్నానని నమ్మి చివరి రౌండ్లలో ట్రినిడాడ్‌కి దూరంగా తిరిగాడు, 115-113, 115-114, 114-114తో ఓడాడు. తెలిసి ఉంటే కచ్చితంగా నిలబడి కొట్టేవాడు. అందుకని బాక్సర్ వైపు నుంచి చూస్తే ఇది న్యాయమైన పద్ధతే, నాకు ఇష్టమే. నా అభ్యంతరం జడ్జి గురించి. ఎనిమిదో రౌండ్ తర్వాత స్టేడియమంతా నీ కార్డు విని అరిచాక, తొమ్మిదో రౌండ్ నువ్వు నీ కళ్లతో చూస్తావా, వాళ్ల చెవులతో చూస్తావా? పైగా తప్పు కార్డుని ఇది సరిచెయ్యదు, ముందుగా చూపిస్తుందంతే.

బటన్ల పద్ధతి మీద చాలామందికి ఇంకా ఆశ ఉంది, ముఖ్యంగా ఐటీలో పనిచేసే మా తమ్ముళ్లకి. 1988 సియోల్‌లో రాయ్ జోన్స్ 86 పంచ్‌లు కొట్టి, 32 తిని, 3-2తో బంగారం పోగొట్టుకున్న తర్వాత ఒలింపిక్స్ చేసింది అదే. 1992 నుంచి 2012 దాకా ఐదుగురు జడ్జిల ముందు బటన్లు పెట్టారు, అందులో చాలాకాలం ఒక్క సెకనులోపు ముగ్గురు నొక్కితేనే పాయింట్. ఫలితం ఏమైంది? దూరం నుంచి అందరికీ కనబడే జాబ్ (చెయ్యి చాచి కొట్టే సూటి పంచ్) ఒక్కటే లెక్కలోకి వచ్చింది, కడుపు మీద కొట్టేవాడికి, దగ్గరికెళ్లి వరసగా నాలుగు కొట్టేవాడికి ఒకటి వస్తే గొప్ప. ఆట తాకి పారిపోవడంగా మారిపోయింది. గొడవలు ఆగాయా అంటే అదీ లేదు. 2012 లండన్‌లో మన వికాస్ క్రిషన్ 13-11తో ఎర్రోల్ స్పెన్స్‌ని ఓడించాడని సంబరపడి పడుకున్నాం, అమెరికా వాళ్లు అప్పీల్ చేస్తే వికాస్ పట్టుకోవడాలు, గమ్ షీల్డ్ (నోట్లో పెట్టుకునే పళ్ల తొడుగు) ఉమ్మడం లెక్కగట్టి 15-13 చేసి స్పెన్స్‌ని గెలిపించారు. ఆ తర్వాత ఏడాదే బటన్లు తీసేసి పది పాయింట్లకి వచ్చేశారు. నాకు ఈ పద్ధతి మళ్లీ రావద్దు.

ఫైట్ అయ్యాక వీడియో చూసి తీర్పు మార్చడం గురించి: పాకియావ్, బ్రాడ్లీ ఫైట్‌ని తర్వాత ఐదుగురు జడ్జిలతో మళ్లీ చూపిస్తే ఐదుగురూ పాకియావ్‌కే ఇచ్చారు, అయినా బెల్టు బ్రాడ్లీ దగ్గరే ఉండిపోయింది. మార్చే అధికారం లేని సమీక్షతో ఒరిగేది లేదు.

ఏఐ జడ్జిని 2024 డిసెంబరులో ఉసిక్, ఫ్యూరీ రెండో ఫైట్‌లో ప్రయోగంగా పెట్టారు, 118-112 ఇచ్చింది, మనుషులు ముగ్గురూ 116-112. అందరి లెక్కలోనూ గెలిచింది ఉసిక్కే, ఇంకా చూడాలి. ప్రో ఫైట్లకి ఐదుగురు జడ్జిలైతే మంచిదే, కానీ కార్డులే కూడితే పాత రోగమే.

చివరగా నేను రౌండ్ల వైపు ఎందుకు ఇంత గట్టిగా ఉన్నానో చెప్తాను. మా అక్క కొడుకు వ్యాసర్పాడిలో బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. ఉత్తర చెన్నైలో ఈ ఆటంటే ఎంత ప్రాణమో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. పోయిన ఏడాది ఒక పోటీలో 3-2తో ఓడిపోయి కిందికి దిగాడు. గ్లవ్స్ విప్పుతుంటే అడిగాడు, "మామా, నేను ఏ రౌండ్ ఓడిపోయాను?" నేను వెళ్లి అడిగితే ఫలితం మాత్రమే చెప్పారు, రౌండ్ల వివరం ఇవ్వలేదు. వాడికి పదహారేళ్లు. రెండో రౌండ్‌లో చేతులు కిందికి దించానా, మూడో రౌండ్‌లో అలిసిపోయినట్టు కనబడ్డానా అని వారం రోజులు తలపట్టుకున్నాడు. రౌండ్ రౌండ్‌కీ తేల్చి, గోడ మీద కాగితం అంటిస్తే ఆ ప్రశ్నకి జవాబు అక్కడే ఉండేది, వాడి కోచ్ మర్నాడు పొద్దున ఆ రౌండ్ గురించే పని చేయించేవాడు.

నమ్మకం కుదరనివాళ్లు లూయిస్, హోలీఫీల్డ్ మొదటి ఫైట్ తీయండి. కామెంటరీ వినబడకుండా సౌండ్ పూర్తిగా తగ్గించండి, కనీసం ముగ్గురు కూర్చోండి, ఒకరి కాగితం ఒకరు చూడొద్దు. తర్వాత రెండు రకాలుగానూ లెక్కవేసి, రెండు ఫలితాలూ నాకు పంపండి.