గుర్తు మార్చి అవతలికి పంపాలా, తక్కెడ చూపించాలా? రేఖీయ సమీకరణాలు నేర్పడానికి ఏది మేలు?

బీజగణితం కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు మొదటి రోజు నేను సమీకరణమేదీ ఇవ్వను. బోర్డు మీద 8 + 4 = □ + 5 అని రాసి, ఆ ఖాళీలో ఏ సంఖ్య రావాలో అడుగుతాను. చాలామంది తడుముకోకుండా 12 అంటారు. కొందరు ఆ 5 కూడా కలిపేసి 17 అంటారు. 7 అనేవాళ్లు తక్కువ. వాళ్లకు కూడికలు రాక కాదు. ఇన్నేళ్లూ చేసిన లెక్కల్లో ‘=’ అంటే ‘జవాబు ఇక్కడ రాయి’ అనే వాళ్లకు అర్థమైంది. క్యాలిక్యులేటర్‌లో ఆ మీట నొక్కినా జరిగేది అదే కదా. వేల్స్‌కు చెందిన గణితజ్ఞుడు రాబర్ట్ రికార్డ్ 1557లో ఈ గుర్తును మొదటిసారి అచ్చులోకి తెచ్చినప్పుడు ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలను ఎంచుకున్నాడు. వాటికంటే సమానమైనవి మరే రెండూ ఉండవన్నది ఆయన చెప్పిన కారణం. మన పిల్లలకు ఆ రెండు గీతలూ బాణం గుర్తులా కనిపిస్తున్నాయి: ఎడమ నుంచి కుడికి, లెక్క నుంచి జవాబుకు.

ఇది ముందే చెప్పడానికి కారణముంది. ఏ పద్ధతి మేలు అనగానే మనం మామూలుగా ఏది త్వరగా జవాబు తెస్తుందో చూస్తాం. నా కొలత వేరు. ఈ పద్ధతిలో నేర్చుకున్న పిల్ల పొరపడితే ఎలాంటి పొరపాటు చేస్తుంది? దాన్ని తనంతట తానే పట్టుకోగలదా? కింద చెప్పినవన్నీ ఆ కొలతతో తూచినవే.

సాధించడానికి దారులు

అన్నిటికంటే తేలికైనది వెనక్కి నడవడం. రాబర్ట్ రికార్డ్ రాసిన ఆ పుస్తకంలో ‘=’ గుర్తుతో కనిపించే మొదటి సమీకరణం, ఇప్పటి రాతలో, 14ఎక్స్ + 15 = 71. దీన్ని పొడుపు కథలా అడగవచ్చు: నేనో సంఖ్య అనుకున్నాను, 14తో గుణించాను, 15 కలిపాను, 71 వచ్చింది, అనుకున్న సంఖ్య ఎంత? కలిపినది తీసేస్తే 56, గుణించినదానితో భాగిస్తే 4. గుర్తుల గొడవ లేదు, నియమం బట్టీ పట్టాల్సిన పని లేదు. పిల్లలు ఒకరినొకరు అడుక్కుంటూ గంటసేపు ఆడతారు. కానీ 5ఎక్స్ − 4 = 2ఎక్స్ + 11 ఇవ్వగానే ఆట ఆగిపోతుంది. తెలియని సంఖ్య రెండు వైపులా ఉన్నప్పుడు వెనక్కి నడక ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి? అందుకే దీనికి రెండు మూడు రోజులు చాలు.

ఇక మనలో చాలామంది నేర్చుకున్నది పక్షాంతరం. ‘అటు వెళ్తే గుర్తు మారుతుంది’ అన్న ఒక్క వాక్యంతో బండి నడిచిపోతుంది. 3ఎక్స్ + 5 = 20లో 5 అవతలికి వెళ్లి −5 అయింది, 3ఎక్స్ = 15. రాత తక్కువ, పరీక్షలో సమయం కలిసొస్తుంది. ఇంతవరకు పేచీ లేదు. పేచీ తర్వాతి మెట్టులో వస్తుంది. 3 కూడా అవతలికి వెళ్లాలి, వెళ్తే గుర్తు మారాలి, కాబట్టి ఎక్స్ = 15 − 3 = 12 అని రాస్తారు. గట్టిగా చెబితే ఆ తప్పు మానేస్తారు గానీ, −3ఎక్స్ = 12 ఇచ్చినప్పుడు అదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. భాగించాలని ఈసారి గుర్తుంటుంది. అటు వెళ్తోంది కాబట్టి −3ను 3 చేసి, ఎక్స్ = 12/3 = 4 అంటారు. రావాల్సింది −4. ఆ పిల్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు, నేను చెప్పిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. లోపం ఆ వాక్యంలోనే ఉంది. ఏది కూడికో ఏది గుణకారమో అది చెప్పదు. ఎందుకు మారాలో అసలే చెప్పదు. కారణం తెలియని నియమం తప్పిందో లేదో చూసుకోవడానికి పిల్ల దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

తక్కెడ పద్ధతిలో ఏదీ ఎటూ వెళ్లదు. రెండు పళ్లేలు సమానంగా ఉన్నాయి, ఒకదానిలోంచి 5 తీస్తే రెండోదానిలోంచీ 5 తీయాలి. ప్రతి మెట్టులోనూ రెండు వైపులా ఒకే పని, ఆ పని పేరు పక్కన రాయాలి: ‘రెండు వైపులా 5 తీసివేశాను’, ‘రెండు వైపులా 3తో భాగించాను’. ఇలా రాసే పిల్ల 3ఎక్స్ = 15 దగ్గర 3 తీసివేయబోతే, 3ఎక్స్‌లోంచి 3 తీస్తే ఎక్స్ మిగలదని తన రాతే తనకు చెబుతుంది. నా కొలతలో దీనికి ఎక్కువ మార్కులు పడేది అందుకే.

దీనిలోనూ తప్పులు పుడతాయి. 3ఎక్స్ + 6 = 21ను మొదటే 3తో భాగించి ఎక్స్ + 6 = 7 అని రాసేవాళ్లుంటారు, 6ను వదిలేసి. పళ్లెంలో ఉన్నదంతా మూడు వంతులు చేయాలి గానీ నచ్చిన మూటను కాదు అంటే వెంటనే అందుకుంటారు. ఇంకో చిక్కు ఆ బొమ్మదే. ఎక్స్ + 7 = 3 అన్నప్పుడు పళ్లెంలో ఏం పెడతాం? −4 బరువున్న రాయి ఎక్కడా దొరకదు. రుణసంఖ్యలు రాగానే తక్కెడ బొమ్మను పక్కన పెట్టి, ‘రెండు వైపులా ఒకే పని’ అన్న మాటను మాత్రం ఉంచుకోవాలి. రుణసంఖ్యల కోసం గాలిబుడగలు కట్టిన తక్కెడలు గీసే ఉపాధ్యాయులున్నారు. నేనూ ప్రయత్నించాను. సమీకరణం కంటే ఆ బొమ్మను వివరించడానికే ఎక్కువసేపు పట్టింది.

పాతవాళ్లు ఏం చేశారని చూస్తే రెండు దారులూ కనిపిస్తాయి. బ్రహ్మగుప్తుడు 628లో ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో ఒక అవ్యక్తం, అంటే తెలియని రాశి, ఉన్న సమీకరణానికి నేరుగా సూత్రమే ఇచ్చాడు: స్థిరసంఖ్యల తేడాను తిప్పి తీసుకుని, అవ్యక్తపు గుణకాల తేడాతో భాగించు. మన 5ఎక్స్ − 4 = 2ఎక్స్ + 11లో, కుడివైపు 11లోంచి ఎడమవైపు −4 తీస్తే 15, గుణకాల తేడా 5 − 2 అంటే 3, జవాబు 5. ఒక్క వరుసలో అయిపోయింది. రెండు శతాబ్దాల తర్వాత బాగ్దాద్‌లో గణితజ్ఞుడు అల్ ఖ్వారిజ్మీ ఈ పనులకు పేర్లు పెట్టాడు. ఒక వైపు తీసివేతగా ఉన్నదాన్ని రెండు వైపులా కలిపి పూడ్చడం ‘అల్ జబ్ర్’, రెండు వైపులా ఉన్నదాన్ని సమంగా తగ్గించడం ‘ముకాబలా’. ఆల్జీబ్రా అన్న పేరు ఆ మొదటి పని నుంచే వచ్చింది. పక్షాంతరం అంటే నిజానికి ఈ పనుల్లో మధ్య వరుస రాయకుండా దాటేయడమే.

కాబట్టి నా వరుస ఇది. రెండు వారాలు మధ్య వరుస తప్పనిసరి. ఆ తర్వాత ఎవరో ఒకరు విసుగొచ్చి ‘ఇది రాయకుండా నేరుగా కింది వరుసకు వెళ్లొచ్చా?’ అని అడుగుతారు. ఎందుకు వెళ్లొచ్చో చెప్పగలిగితే వెళ్లమంటాను, దానికి పక్షాంతరమని పేరుందనీ అప్పుడే చెబుతాను. పరీక్ష వచ్చే వారమే ఉందంటే? అప్పుడు పక్షాంతరమే చెప్పండి, కానీ ‘కూడిక తీసివేత అవుతుంది, గుణకారం భాగహారం అవుతుంది’ అనండి. ‘గుర్తు మారుతుంది’ అన్న మాట మాత్రం వద్దు. ఏ దారిలో వచ్చినా జవాబును మొదటి సమీకరణంలో ప్రతిక్షేపించి చూసే అలవాటు ఉండాలి. −3 × 4 విలువ −12 వస్తోంది, 12 రావడం లేదని ఆ పిల్లకు చెప్పడానికి నేను అక్కర్లేదు.

గీత గీయడానికి దారులు

ఒక చరరాశి నుంచి రెండు చరరాశులకు వచ్చేటప్పుడు పిల్లలకు తగిలే అసలు దెబ్బను మనం గమనించం. ఇంతవరకు ప్రతి సమీకరణానికీ ఒకే జవాబు. ఇప్పుడు వై = 2ఎక్స్ − 3 ఇచ్చి సాధన అడిగితే, (0, −3) కూడా జవాబే, (1, −1) కూడా జవాబే, (100, 197) కూడా జవాబే. ‘ఇంతకీ సరైన జవాబు ఏది సార్?’ అన్న ప్రశ్న వచ్చిందంటే పాఠం సరైన చోట ఉన్నట్టు. గీత ఆ ప్రశ్నకు సమాధానం. జవాబులన్నీ ఒకచోట పోగుపడితే ఆ ఆకారం వస్తుంది. గ్రాఫు పద్ధతుల్లో ఏది ముందు చెప్పాలన్నది నేను ఈ ఒక్క విషయం మీదే తేల్చుకుంటాను.

విలువల పట్టిక నెమ్మదైనది. ఎక్స్‌కు 0, 1, 2, 3 ఇస్తే వైకి −3, −1, 1, 3. బిందువులు గుర్తించి కలపాలి. పిల్లలు చుక్కలు పెట్టి ఊరుకుంటారు, లేదా చివరి చుక్క దగ్గర గీత ఆపేస్తారు. అప్పుడు ఎక్స్ = 1/2 ఇచ్చి చూడమంటాను. వై = −2, ఆ బిందువు రెండు చుక్కల మధ్య సరిగ్గా గీత మీద పడుతుంది. తర్వాత తిరగేసి, గీత మీద వేలుపెట్టి ఏదో ఒక బిందువు చదివి సమీకరణంలో వేయమంటాను. ఈ రెండు పనులూ చేశాక గీత చుక్కల మధ్య ఖాళీ పూడ్చే అలంకారంగా ఉండదు. మూడో బిందువు కావలివాడు కూడా. లెక్క తప్పితే అది గీత మీద పడనని మొరాయిస్తుంది. వై = (2/3)ఎక్స్ + 1 లాంటివాటికి 0, 3, 6 తీసుకుంటే భిన్నాల బెడద ఉండదని వాళ్లే కనిపెట్టేదాకా ఆగితే మంచిది.

అంతరఖండాల పద్ధతి, అంటే గీత రెండు అక్షాలనూ ఎక్కడ ఖండిస్తుందో చూసి గీయడం, పట్టికకు పూర్తి విరుద్ధం, మెరుపులా పనిచేస్తుంది. 3ఎక్స్ + 4వై = 12లో వై సున్నా అయితే ఎక్స్ 4, ఎక్స్ సున్నా అయితే వై 3. (4, 0), (0, 3) కలిపితే సరి. అయితే ఆ 4నూ 3నూ కలిపేసి (4, 3) అనే ఒకే బిందువు పెట్టే పిల్లలు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. ఆ బిందువును సమీకరణంలో వేస్తే 24 వస్తుంది. వేసి చూడాలన్న ఆలోచన పట్టికతో పెరిగిన పిల్లకు వస్తుంది, కిటుకుతో మొదలుపెట్టిన పిల్లకు రాదు. పైగా వై = 2ఎక్స్ ఇస్తే రెండు అంతరఖండాలూ మూలబిందువే అయి కూర్చుంటాయి, ఒకే బిందువుతో గీత గీయలేం. 2ఎక్స్ + 3వై = 7 అయితే 7/2, 7/3 దగ్గర పెన్సిల్ వణుకుతుంది. ఇది కొన్ని లెక్కలకు పనికొచ్చే అడ్డదారి మాత్రమే.

వాలు, అంతరఖండం చూసి గీయడం అన్నిటికంటే శక్తిమంతమైనది. వై = 2ఎక్స్ − 3 చూడగానే −3 దగ్గర మొదలుపెట్టి, ఒకటి కుడికి జరిగినప్పుడల్లా రెండు పైకి ఎక్కవచ్చు. గీత ఎంత నిటారుగా ఉందో, ఎక్కుతోందో దిగుతోందో గీయకముందే తెలుస్తుంది. ముందు ముందు చదువుకు కావలసినదీ ఇదే. మరి దీనితోనే ఎందుకు మొదలుపెట్టకూడదు? కొందరు అలాగే చేస్తారు. కంప్యూటర్లో గ్రాఫులు గీసే జియోజీబ్రా 2001లో మొదలై, తర్వాత డెస్మోస్ వంటివి వచ్చాక ఈ మొగ్గు ఇంకా పెరిగింది. వాటిలో సంఖ్యను మార్చే స్లైడర్ జరిపితే గీత వాలడం, లేవడం కళ్లముందే కనిపిస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ ఇక్కడ పుట్టే తప్పులు చూడండి. వై = 5 − 2ఎక్స్ ఇస్తే ముందున్న 5నే వాలు అంటారు. వాలు −2/3 అయితే రెండు కిందికీ, మూడు ఎడమకూ వెళ్లి, దిగాల్సిన గీతను ఎక్కిస్తారు. ఎక్స్ = 3 ఇస్తే వాలు ఏదని వెతికి, ఎక్స్ అక్షం అడ్డంగా ఉంది కాబట్టి అడ్డగీత గీస్తారు. పట్టిక వేసే పిల్ల (3, 0), (3, 1), (3, 2) రాసుకుని నిలువు గీతకు వస్తుంది.

వాలును పట్టికలోంచే పుట్టించవచ్చు కూడా. −3, −1, 1, 3 అన్న వరుసలో ప్రతిసారీ 2 పెరుగుతోందని ఏ పిల్లయినా చెబుతుంది. దాని పేరు వాలు అని తర్వాత చెప్పినా నష్టం లేదు. అందుకే ముందు పట్టిక, చేత్తో ఒక పదీ పన్నెండు గీతలు, అటుపైన వాలు. స్లైడర్‌లు ఆ తర్వాత. అంతరఖండాలు ఎప్పుడో ఒక గంట మిగిలితే.

ముందు సాధనా, ముందు గ్రాఫా?

విడివిడిగా రెండు అధ్యాయాలుగా చెప్పడం సులువు, కలిపి చెప్పడం మేలు. 3ఎక్స్ + 4వై = 12ను వై = −(3/4)ఎక్స్ + 3గా మార్చడమే సాధన నైపుణ్యం, అది రాకుండా వాలు చదవలేరు. అటునుంచి, 5ఎక్స్ − 4 = 2ఎక్స్ + 11ను వై = 5ఎక్స్ − 4, వై = 2ఎక్స్ + 11 అనే రెండు గీతలుగా గీస్తే అవి (5, 21) దగ్గర కలుస్తాయి. తక్కెడతో వచ్చిన 5 అక్కడ కనిపిస్తుంది. అలాగని సమీకరణాలను గ్రాఫుతోనే సాధించమనకూడదు. 3ఎక్స్ = 7 జవాబును కాగితం మీద చదివి 2.3 అనో 2.4 అనో చెప్పగలరు గానీ 7/3 అని చెప్పలేరు.

గ్రాఫు అవసరం వేరే చోట ఉంది. 2ఎక్స్ + 3 = 2ఎక్స్ + 7 ఇవ్వండి. రెండు వైపులా 2ఎక్స్ తీస్తే 3 = 7 మిగులుతుంది. పిల్లలు ఎక్కడో తప్పుచేశామనుకుని చెరిపేసి మళ్లీ మొదలుపెడతారు. అప్పుడు రెండు గీతలు గీయమంటే, ఎంత పొడిగించినా కలవని సమాంతర రేఖలు వస్తాయి. చెరిపినదాన్ని మళ్లీ రాసుకుంటారు. ఆ వెంటనే 2(ఎక్స్ + 3) = 2ఎక్స్ + 6 ఇస్తే ఒక గీత గీసి, రెండోదానికి పట్టిక వేసి, స్కేలు పెట్టి, గీయడానికి చోటు కోసం వెతుకుతారు. అక్కడ అప్పటికే గీత ఉంటుంది.