ఫిష్‌మీల్ తగ్గించి సోయా మేత: ఐదేళ్లు వాడాక నా అనుభవం

బస్తా మీద 28 శాతం ప్రోటీన్ అని కనిపిస్తే ఒకప్పుడు నాకు అదే చాలనిపించేది. ఐదేళ్లుగా రెండు చెరువుల్లో ఎక్కువగా సోయా, నూనె చెక్కలతో చేసిన మేతే వేస్తున్నాను. ఇప్పుడు ఆ అంకెను చివర్లో చూస్తాను. ఆ ప్రోటీన్ దేన్నుంచి వచ్చింది, నా చేప అందులో ఎంత అరిగించుకుంటుంది అన్నదే ముందు అడుగుతాను.

ఒక చెరువులో తిలాపియా. రెండో చెరువులో బంగారు తీగ (కామన్ కార్ప్ చేప), కొద్దిగా గడ్డి చేప. మొదటి పంటలో రెండింటికీ ఒకే మేత ఆడించాను. ఫిష్‌మీల్, అంటే ఎండబెట్టిన చేపల పొడి, 5 శాతం దగ్గర ఆపేశాను. మిగతా ప్రోటీన్ అంతా సోయా మీల్, వేరుశనగ చెక్క నుంచే. ఇలా మారడానికి ఖర్చు ఒక కారణం. కిలో ఫిష్‌మీల్ తయారు కావాలంటే నాలుగైదు కిలోల పచ్చి చేపలు కావాలన్న సంగతి ఇంకో కారణం. చేపలు పెంచడానికి సముద్రంలో అన్ని చేపలు పట్టడం నాకు సబబుగా అనిపించలేదు. పైగా ఫిష్‌మీల్ సరఫరా ఎక్కువగా పెరూ తీరంలోని ఆంకొవెటా చేప మీద ఆధారపడి ఉంటుంది. ఎల్ నినో వచ్చి అక్కడి నీళ్లు వేడెక్కితే ఆ చేప దొరకదు. 2023లో పెరూ తన ప్రధాన వేట ప్రాంతంలో ఆ ఏడాది తొలి సీజన్‌ను రద్దే చేసింది. అప్పుడు చాలామంది మేత కోసం టెన్షన్ పడ్డారు. అప్పటికే నా మేతలో ఫిష్‌మీల్ నామమాత్రం కావడంతో నాకు ఇబ్బంది రాలేదు.

మొదటి వారం మాత్రం దిగులుగానే గడిచింది. కొత్త మేత ఒకేసారి మార్చేశాను, అది తప్పు. ఫిష్‌మీల్ వాసనకు అలవాటు పడ్డ చేప సోయా గుళికను నోట్లోకి తీసుకుని ఉమ్మేసేది. చేప ఎంత తిన్నదో చూడటానికి నీళ్లలో దించే చెక్ ట్రేలో సగం మేత అలాగే మిగిలేది. రెండో పంట నుంచి పది రోజుల పాటు పాత మేతలో కొత్తది కొంచెం కొంచెం పెంచుతూ కలిపాను. ఆ తర్వాత మిగులు సమస్యే లేదు.

ఇక అసలు పాఠం బంగారు తీగ నేర్పింది. తిలాపియా చెరువులో పెరుగుదల బాగుంది. పాత మేతకు కిలో బరువు పెరగడానికి కిలోన్నర మేత పట్టేది, కొత్త దానికి కిలో ఆరు వందలు పట్టింది. ఆ తేడా నేను భరించగలిగిందే. రెండో చెరువులో నాలుగో నెల శాంప్లింగ్‌కు వల వేస్తే గుండె గుభేలుమంది. కొన్ని చేపల తల ముందు భాగం వంకరగా ఉంది, కొన్నింటికి నడుము ఒక పక్కకు తిరిగింది. బరువు కూడా ఆశించినంత లేదు. మొదట జబ్బనుకున్నాను. నీళ్లు పరీక్ష చేయించాను, మొప్పలు చూపించాను. ఏమీ తేలలేదు. కారణం మేతలోనే ఉంది, అది భాస్వరం లోటు.

మేత ఆడించేవాళ్లు ఎవరూ నాకు ఇది చెప్పలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. సోయాలో భాస్వరం ఉంటుంది. కానీ అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటిక్ ఆమ్లం రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడదీసే ఎంజైమ్ చేప దగ్గర లేదు. అది అలాగే రెట్టలో నీళ్లలోకి పోతుంది. పోతూ జింక్, కాల్షియం లాంటి వాటిని కూడా పట్టుకుపోతుంది. లోటు పూడ్చడానికి మేతలో డైకాల్షియం ఫాస్ఫేట్ వేయించాను. తిలాపియాకు అది సరిపోయింది, ఎందుకంటే దాని కడుపులో ఘాటైన ఆమ్లం ఉంటుంది, ఆ ఖనిజం అందులో కరుగుతుంది. బంగారు తీగకు, గడ్డి చేపకు అసలు కడుపే లేదు. మేత నోట్లోంచి నేరుగా పేగులోకి వెళ్తుంది, ఆమ్లం తగలదు. అంటే నేను డబ్బు పెట్టి వేయించిన భాస్వరం చాలావరకు చేపకు ఎక్కకుండానే బయటికి పోయింది. నీళ్లలో సులువుగా కరిగే మోనోకాల్షియం ఫాస్ఫేట్‌కు మారాక, తర్వాతి పంటలో వంకర చేపలు దాదాపు కనిపించలేదు. అప్పటికే వంగినవి మాత్రం తిరిగి సరి కాలేదు. ఆ పంటలో నష్టం మిగిలిపోయింది.

తిలాపియా మేతకు ఆ ఫైటిక్ ఆమ్లాన్ని విడదీసే ఫైటేజ్ ఎంజైమ్ కూడా వాడుతున్నాను. ఇందులో ఒక మెలిక ఉంది. గుళిక తయారయ్యేటప్పటి వేడికి మామూలు ఎంజైమ్ చచ్చిపోతుంది. గుళికలు చల్లారాక పైన పిచికారీ చేయాలి. అది చేసిన పంటలో చెరువు నీళ్లు మరీ చిక్కటి పచ్చగా మారడం తగ్గింది. చేప వాడుకోని భాస్వరమే కదా నాచుకు ఎరువయ్యేది.

సోయా మీల్ కొనేటప్పుడు చూసుకోవాల్సింది, అది సరిగ్గా ఉడికిందా లేదా అని. పచ్చి సోయాలో ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి, అవి ప్రోటీన్ అరగకుండా అడ్డుపడతాయి. వేడి చేస్తే పోతాయి. మరీ వేడి చేస్తే ప్రోటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లం పాడవుతుంది, పిండి గోధుమ రంగుకు తిరుగుతుంది. నేను ప్రతి లాట్‌లో పిడికెడు తీసి, పచ్చి సోయాలో ఉండే యూరియేజ్ ఎంజైమ్ ఇంకా మిగిలిందా అని చూసే యూరియేజ్ పరీక్ష చేస్తాను. యూరియా, ఫినాల్ రెడ్ కలిపిన ద్రావణం సోయా పొడి మీద పోయడమే. ఐదు నిమిషాల్లో అక్కడక్కడ ఎర్ర చుక్కలు వస్తే బాగున్నట్టు. సగానికి పైగా ఎర్రబడితే సరిగ్గా ఉడకలేదు. అరగంట ఆగినా ఒక్క చుక్క కూడా రాకపోతే ఎక్కువ వేడి తగిలి ఉండొచ్చు. మేత సొంతంగా ఆడించుకునే ప్రతి ఒక్కరూ ఈ చిన్న పరీక్ష నేర్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

వేరుశనగ చెక్క విషయంలో మూడో పంటలో పెద్ద దెబ్బే తగిలింది. ఒక సరఫరాదారు దగ్గర తెచ్చిన సరుకు లోపల తేమ పట్టి బూజు వచ్చింది. పైపైన చూసి కొన్నాను. రెండు వారాల్లో చేప మేత తగ్గించేసింది, కోసి చూస్తే కాలేయం పాలిపోయి ఉంది. చెక్కను పరీక్షకు పంపితే బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం అని తేలింది. గుళిక చేసే వేడికి అది పోదు. 1960ల తొలి ఏళ్లలో అమెరికాలో పెంచిన రెయిన్‌బో ట్రౌట్ చేపలకు కాలేయంలో గడ్డలు వచ్చినప్పుడు కూడా మూలం మేతలో వేసిన పత్తి గింజల చెక్కలోని అఫ్లటాక్సినే. ఆ దెబ్బతో వేరుశనగ చెక్క చాలావరకు తగ్గించి, దాని స్థానంలో నువ్వుల చెక్క కొంత వేయిస్తున్నాను. సోయాలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, నువ్వుల్లో అది బాగా ఉంటుంది. నువ్వుల్లో లైసిన్ తక్కువ, సోయాలో ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. విడిగా దొరికే మెథియోనిన్ కూడా కొద్దిగా కలుపుతాను. అది మేతలోని ప్రోటీన్ కంటే ముందే ఒంటికి ఎక్కేస్తుంది కాబట్టి, అదే మేతను రోజుకు రెండుసార్లు కాకుండా నాలుగుసార్లు పంచి వేశాక తేడా కనిపించింది.

పత్తి చెక్క, ఆవ చెక్క నేను వాడను. మొదటి దాంట్లో గాసిపోల్, రెండో దాంట్లో గ్లూకోసినోలేట్లు అనే చేపకు హాని చేసే పదార్థాలు ఉంటాయి. తక్కువ మోతాదులో వాడి బాగుందన్నవాళ్లు ఉన్నారు. మొక్కజొన్న గ్లూటెన్‌లో 60 శాతం ప్రోటీన్ ఉంటుంది, కానీ ఎక్కువైతే కండ పసుపు రంగుకు తిరుగుతుంది.

బస్తా మీద అంకె సంగతి మొదట్లో ఎందుకు ఎత్తానంటే, ప్రోటీన్ శాతం అంటే ప్రయోగశాలలో నైట్రోజన్ కొలిచి 6.25తో గుణించగా వచ్చిన సంఖ్య. యూరియా కలిపినా ఆ సంఖ్య పెరుగుతుంది. గ్లూటెన్ పేరుతో వచ్చిన సరుకులో నైట్రోజన్ ఎక్కువుండే మెలమైన్ అనే రసాయనం కలిపి ప్రోటీన్ ఎక్కువ చూపించిన మోసం 2007లో అమెరికాలో కుక్కలు, పిల్లుల మేతలో బయటపడింది, ఎన్నో ప్రాణాలు పోయాయి. అందుకే నేను వేసే ప్రతి సరుకూ విడిగా, పేరుతో సహా తెలిసే చోటే మేత ఆడిస్తాను.

నీటి విషయంలో ఈ మేతతో పని పెరుగుతుందని దాచకుండా చెప్పాలి. పీచు ఎక్కువ కాబట్టి రెట్ట ఎక్కువ. అడుగున బురద ముందుకన్నా త్వరగా పేరుకుంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గే సమయంలో ఏరేటర్లు ఇంకాస్త ఎక్కువసేపు తిప్పాల్సి వస్తోంది. మేత ఖర్చులో మిగిలిన డబ్బంతా లాభం అనుకుంటే లెక్క తప్పుతుంది, కరెంటు ఖర్చు కూడా అందులోంచి తీసేయాలి. తీసేశాక కూడా నాకు గిట్టుబాటుగానే ఉంది.

ఇది అన్ని చేపలకూ వర్తించదు. మాంసాహార చేపలకు సోయా మీల్ నేరుగా ఎక్కువ వేస్తే ప్రమాదం. సాల్మన్ చేపలకు వెనుక పేగు వాచిపోతుంది, సోయాలో సహజంగా ఉండే సపోనిన్లు అనే పదార్థాలు దానికి ముఖ్య కారణం. అయినా నార్వేవాళ్లు సాల్మన్ మేతలో 1990లో దాదాపు 90 శాతం ఉన్న సముద్రపు సరుకును 2013 నాటికి 30 శాతం దగ్గరకు తెచ్చారు. వాళ్లు వాడింది ఆల్కహాల్‌తో కడిగి సపోనిన్లు తీసేసిన సోయా ప్రోటీన్ కాన్సంట్రేట్. అందులో 65 శాతం దాకా ప్రోటీన్ ఉంటుంది. నాలాంటి రైతు ఆ సరుకు పెద్ద చేపకు వేస్తే ఖర్చు నిలవదు. చేప పిల్లలకు మాత్రం కొద్దిగా వేసి చూస్తున్నాను.

పిల్లల దగ్గర ఫిష్‌మీల్ నేనింకా వదల్లేదు. 20 గ్రాముల బరువు వచ్చేదాకా మేతలో 15 శాతం ఉంచుతున్నాను. ఒక పంటలో దాన్ని 8కి తగ్గించి చూశాను. పిల్ల బతికింది కానీ సైజులు ఎగుడుదిగుడు అయ్యాయి, పెద్దవి చిన్నవాటిని మేత దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు నర్సరీ చెరువును మధ్యలో వలతో రెండు భాగాలు చేసి, ఒక వైపు 15 శాతం ఫిష్‌మీల్, రెండో వైపు 8 శాతంతో పాటు ఆ కాన్సంట్రేట్ వేస్తున్నాను. ఐదో వారం నడుస్తోంది. రెండు వైపులా సగటు బరువు దగ్గరదగ్గరగా ఉంది, సైజుల తేడా మాత్రం రెండో వైపు ఇంకా కొంచెం ఎక్కువే.