స్కాన్ పేజీలను కలిపే ఆ సాఫ్ట్‌వేర్ కొనబోయేవారికి హెచ్చరిక

స్కాన్ చేసిన పేజీలన్నింటినీ ఒకే పీడీఎఫ్‌గా కలిపిపెడతామంటున్న ఆ సాఫ్ట్‌వేర్ ఏదో మీలో చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. లైసెన్స్ కొనే ఆలోచనలో ఉన్నవారు ఇది చదివాకే డబ్బు కట్టండి.

పేజీ సంఖ్యలు లేని ఒక చేతిరాత పుస్తకాన్ని స్కాన్ చేసి, ఫైళ్లకు 0001 నుంచి వరుసగా పేర్లు పెట్టి, ఫోల్డర్‌ను దానికి అప్పగించాను. ముందుగా చూపించే జాబితాలో పేజీలన్నీ పేర్ల వరుసలోనే ఉన్నాయి, తయారైన పీడీఎఫ్‌లో మాత్రం చిందరవందరగా వచ్చాయి. పని ముగియగానే అసలు చిత్రాలను తొలగించే ఆప్షన్‌ను వారే ముందుగా ఆన్ చేసి పెట్టారు కనుక అవి కూడా పోయాయి. పుస్తకం అప్పటికే దాని యజమానికి చేరిపోయింది, మళ్లీ దొరికే అవకాశం లేదు.

సహాయ విభాగానికి రాస్తే, మీ డిస్కులో ఫైళ్ల క్రమం చెడిపోయింది, ఫార్మాట్ చేసి మళ్లీ ప్రయత్నించండి అని జవాబు వచ్చింది. డబ్బు తీసుకున్న నిపుణులు కదా, తెలియకుండా చెబుతారా అని ఫార్మాట్ చేశాను. ఫలితం మారలేదు. కలిపే ముందు మీ ప్రోగ్రామ్ పేర్లను వరుసలో పెడుతుందా అని అడిగినందుకు, ఫైళ్లను సరైన క్రమంలో ఉంచుకోవడం కొనుగోలుదారు బాధ్యత అని ఒక్క వాక్యం రాసి ఫిర్యాదును మూసేశారు. వరుస సంఖ్యలతో పేర్లు పెట్టడం కాక ఇంకెలా ఉంచుకోవాలో మాత్రం సెలవివ్వలేదు.

నా డిస్కుకు ఏ లోపమూ లేదు. ఫోల్డర్‌లోని పేర్లను చదివి ప్రోగ్రామ్‌కు ఇచ్చే రీడ్‌డిర్ అనే ఫంక్షన్ వాటిని ఫలానా క్రమంలోనే ఇవ్వాలని, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు అనుసరించే పోసిక్స్ ప్రమాణం ఎక్కడా చెప్పదు, వరుసలో పెట్టుకోవడం అడిగిన ప్రోగ్రామ్ పని. లినక్స్‌లో ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ (ls) ఆదేశం మనకు అక్షరక్రమంలో చూపిస్తున్నదంటే అది స్వయంగా వరుస పెడుతున్నది కాబట్టే. విండోస్‌లోని ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) పేర్లను బీ-ట్రీ అనే క్రమబద్ధమైన అమరికలో పేరు వరుసలోనే దాచుతుంది కాబట్టి అక్కడ అంతా సవ్యంగా కనిపిస్తుంది. వీరు బహుశా అక్కడ ఒకసారి పరీక్షించి, లోకమంతా అలాగే ఉంటుందని తీర్మానించుకుని ఉంటారు. పెన్‌డ్రైవ్‌లలోని ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో తొలగించిన ఫైలు ఖాళీ చేసిన చోటులోకి కొత్త ఫైలు వచ్చి కూర్చోవచ్చు. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ అయితే పేరు నుంచి లెక్కించిన హ్యాష్ విలువ (అక్షరక్రమంతో సంబంధం లేని ఒక సంఖ్య) ప్రకారం జాబితా ఇస్తుంది. ఇదేమీ రహస్యం కాదు: 2014లో ప్రచురితమైన, అణువుల నిర్మాణాన్ని తెలుసుకునే ఎన్ఎంఆర్ పరీక్షల లెక్కలకు రసాయన శాస్త్రవేత్తలు వాడిన పైథాన్ స్క్రిప్టులు సరిగ్గా ఈ లోపం వల్లనే ఒకే డేటాకు ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి వేర్వేరు ఫలితాలు ఇస్తున్నాయని 2019లో బయటపడింది, పేర్లను వరుసలో పెట్టే చిన్న మార్పుతో అది సరిపోయింది.

ఇక నన్ను నిజంగా దహిస్తున్న విషయం. ఈఎక్స్‌టీ4 ఆ హ్యాష్‌ను లెక్కించేటప్పుడు ఫార్మాట్ చేసినప్పుడు ఒక్కో డిస్కుకు విడిగా పుట్టే సీడ్ అనే యాదృచ్ఛిక సంఖ్యను కలుపుతుంది. పాత సీడ్ ఉండి ఉంటే అవే పేర్లకు అవే హ్యాష్‌లు వచ్చేవి, వాటితో చెదిరిన క్రమాన్ని తిరిగి రాబట్టి ప్రతి పేజీని దాని చోట పెట్టగలిగేవాణ్ని. ఫార్మాట్ చేస్తే కొత్త సీడ్ పుడుతుంది. అంటే వారు చేయించినది మరమ్మతు కాదు, మిగిలిన ఒక్క ఆధారాన్నీ నా చేతులతోనే తుడిపించడం.

కొని తీరాలనుకునేవారు ముందు ఆ తొలగింపు ఆప్షన్‌ను ఆపి, కాపీలతో ఈఎక్స్‌టీ4 డిస్కు మీద ఒకసారి పరీక్షించండి. ఇప్పటికే నాలా చిక్కుకుని, ఈఎక్స్‌టీ4 డిస్కును ఇంకా ఫార్మాట్ చేయనివారు అదే డిస్కులో కొత్త ఫోల్డర్ తెరిచి, పోయిన ఫైళ్ల పేర్లతోనే ఖాళీ ఫైళ్లు సృష్టించి, ఎల్ఎస్‌కు పెద్ద అక్షరం యూ ఆప్షన్ (ls -U, అంటే వరుస పెట్టకుండా ఉన్నదున్నట్టు చూపించమని) ఇచ్చి చూడండి. అందులో కనిపించే క్రమమే మీ పీడీఎఫ్‌లోని పేజీల క్రమం.