నాలుగున్నర అంగుళాల ఎత్తులో శ్రీకాకుళం: లోటస్ సెవెన్ రెప్లికాతో రెండు రోజులు

నేలకీ, ఇంజను అడుగునుండే ఆయిల్ తొట్టికీ (సంపు) మధ్య నాలుగున్నర అంగుళాలు. విజయనగరం, శ్రీకాకుళం మధ్య లోటస్ సెవెన్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకి నకలు (రెప్లికా) తిప్పాలంటే ఏ రోడ్డు, ఏ లాడ్జి, ఏ పూట అన్నది ఈ కొలతే తేలుస్తుంది. ఇంజను బలం సంగతి ఆ తర్వాతే.

అసలు సెవెన్‌ని లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చాడు. స్టీలు గొట్టాల ఫ్రేము, పైన అల్యూమినియం రేకు, తలుపుల్లేవు. 1973 నుంచి ఆ హక్కులు కేటర్‌హామ్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ళవి. మన దగ్గర ఇలాంటి రెప్లికాకి మారుతి జిప్సీ జీపు సామాను బాగా కుదురుతుంది. 1298 సీసీ ఇంజను పొడవునా కూర్చుంటుంది, వెనక చక్రాలకి డ్రైవు దొరుకుతుంది. పదహారు వాల్వుల రకమైతే 80 హార్స్‌పవర్. టన్నుకి దగ్గరగా ఉన్న జిప్సీని లాగే ఇంజను ఆరువందల కేజీల బండిలో పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. ఆర్సీలో జిప్సీ అని ఉండి ఎదురుగా సెవెన్ ఉంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. యాభై ఏళ్ళు దాటిన అసలు బండ్లకిచ్చే ‘వీఏ’ నంబరు రెప్లికాకి రాదు. జిప్సీ పేరుతో కాక, తన సొంత పేరుతోనే ఆర్సీ, ఇన్సూరెన్సు ఉన్న బండికే కింద చెప్పే దారులు. లేని బండిని ట్రైలర్ మీద తెచ్చి, సొంత స్థలంలోనో తోటలోనో తిప్పుకోవాలి.

ఎక్కేటప్పుడు స్టీరింగ్ చక్రం ఊడదీసి, సీటు మీద కాలు పెట్టి, లోపలికి జారాలి. చక్రం మళ్ళీ బిగించాక ‘టక్’మన్నా సరే, రెండు చేతులతో ఒకసారి వెనక్కి లాగి చూడాలి. పెడల్స్ మరీ దగ్గరగా ఉంటాయి. వెడల్పాటి బూటుతో బ్రేకు తొక్కితే యాక్సిలరేటరూ పడుతుంది. బ్రేకుకి బూస్టర్ లేదు, పాదం ఆనిస్తే ఆగదు, తొక్కాలి. దిగేటప్పుడు పక్కనున్న సైలెన్సర్‌కి పిక్క తగలకుండా చూసుకోవాలి.

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు 18 నుంచి 20 పీఎస్ఐ చాలు. బంకులో కుర్రాడు అలవాటుగా 32 కొట్టేస్తాడు. అంత గాలితో అతుకుల రోడ్డు మీద బండి కప్పలా గెంతుతుంది, ఇసుక కనబడితే వెనక భాగం పక్కకి పోతుంది. సొంత గేజ్ పెట్టుకోండి.

విజయనగరం నుంచి రెండు దారులు. నెల్లిమర్ల, రామతీర్థం మీదుగా రణస్థలం చేరి హైవే ఎక్కేది ఒకటి. నేరుగా 16వ నంబరు హైవే పట్టుకునేది రెండోది. హైవే నున్నగా ఉంటుంది కానీ డ్రైవరు కన్ను లారీ చక్రాల ఎత్తులో ఉంటుంది. లారీ అద్దంలో ఈ బండి కనబడదు. గనుల్లో జీపులకి కట్టినట్టు పొడవాటి పుల్లకి నారింజ రంగు జెండా కట్టడం నామోషీ కాదు. టోల్ దగ్గర ఫాస్టాగ్ అతికించడానికి ముందద్దం ఉండాలి. చేత్తో పట్టుకుని చూపించే ట్యాగ్‌ని బ్లాక్‌లిస్టులో పెడతారు.

రామతీర్థం దారే బండికి తగిన దారి, అయితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోడ్డే కళ్ళం. ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు, ధాన్యం ఎత్తేశాక రాళ్ళు అక్కడే ఉండిపోతాయి. ఇంకా ప్రమాదం ఉలవ కంప. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రోడ్డు మీద పరుస్తారు. మామూలు కారు దాటిపోతుంది. మన బండికి ఆ కంప ప్రొపెల్లర్ షాఫ్టుకి (వెనక చక్రాలని తిప్పే కడ్డీ) చుట్టుకుని, కాలుతున్న సైలెన్సర్ గొట్టానికి ఆనుతుంది. ముందు ఎండుగడ్డి కాలిన వాసన, తర్వాత పొగ, ఆ తర్వాత మంట. కంప కనబడితే పక్కనుంచి పోవాలి, వీల్లేకపోతే ఆగి తోవ చేయించుకోవాలి. రెండు కేజీల పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి.

గెడ్డల (వాగుల) మీద కల్వర్టులు, ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్లు అసలు పరీక్ష. పక్క సీటు మనిషిని దించండి, వెనక భాగం లేస్తుంది. మొదటి గేరులో ఏటవాలుగా ఎక్కండి. చక్రం తగలకముందే బ్రేకు వదలాలి, లేకపోతే ముక్కు వంగుతుంది. సంపు తగిలేది ముందు చక్రాలు అవతల దిగాక, అందుకే అంగుళం మందం చెక్కలు అవతలి వైపు వేయాలి. చాలామంది ఎక్కే వైపు వేసి సంపు పగలగొట్టుకుంటారు.

బస విషయంలో మంచం, ఏసీ కంటే గేటు ముఖ్యం. శ్రీకాకుళం ఊళ్ళో లాడ్జిలకి కాలవ మీద నిటారు పలక, దాని వెనక సెల్లార్, రెండూ పనికిరావు. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టూ ఉన్న గదులు బజారుకి దగ్గరే, సాయంత్రం రద్దీలో రేడియేటర్ ఉడికిపోతుంది. హైవే పక్క హోటళ్ళకి చదునైన ఆవరణ ఉంటుంది, తెల్లారకముందే లారీల మోత భరించాలి. ఈ బండికి అదే నయం. బుక్ చేసే ముందు గేటు గట్టు పక్కన చెప్పు పెట్టి ఫొటో తీసి పంపమనండి. ఎంత ఎత్తో ఇట్టే తెలుస్తుంది. సిరిమాను పండగ రోజుల్లో విజయనగరం, రథసప్తమికి అరసవల్లి వైపు వద్దు. పది దాటాక ఎండలో నడపకండి, ఆదిత్యుడి దర్శనానికి గుడి ఉంది.

మరమ్మతుకి జిప్సీ క్లచ్ కేబుల్, ఫ్యాన్ బెల్టు, ఫ్యాన్ రిలే వెంట ఉంచుకోవాలి. అల్యూమినియం ఆర్గాన్ వెల్డింగ్‌కి విశాఖ గాజువాక ఆటోనగర్ నమ్మకం. రేడియేటర్ నీళ్ళు మార్చాక వేడి ఎక్కుతూనే ఉంటే లోపల గాలి చిక్కిందన్నమాట. ఈ బండిలో రేడియేటర్ ఇంజను తల కంటే కింద ఉంటుంది. ఇంజను చల్లారాక బండి ముక్కుని ఒక అడుగు ఎత్తున లేపి, బుడగలు ఆగేదాకా నింపాలి. బండి లాగించాలంటే ఫ్లాట్‌బెడ్డే పిలవండి. ముక్కు ఫైబర్‌ది, క్రేన్ కొక్కెం వేస్తే చేతికి ఊడివస్తుంది.

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం ముప్పై కిలోమీటర్ల లోపే, చదునైన నేల. పొద్దున్నే వెళ్ళి, వంశధార సముద్రంలో కలిసే చోటు చూసి, 1919లో గిడుగు రామమూర్తి గుర్తించిన శాలిహుండం బౌద్ధ శిథిలాల కొండ ఎక్కి, ఎండ ముదరకముందే వచ్చేయొచ్చు. ట్యాంకు పావు కంటే తగ్గనివ్వకండి, మలుపులో పెట్రోలు ఒక మూలకి పోయి ఇంజను దగ్గుతుంది. రాత్రి మాత్రం అక్కడ ఉంచొద్దు. ఉప్పుగాలికి స్టీలూ అల్యూమినియమూ కలిసే రివెట్ల చుట్టూ తెల్లపొడి పడుతుంది. బసకి రాగానే రెండు బకెట్ల మంచినీళ్ళు, ముఖ్యంగా చక్రాల వెనక, అడుగు రేకు అంచుల్లో పోసి, తుడవకుండా పది నిమిషాలు ఎండలో నిలబెట్టండి.